రెండు బుట్టల ఒప్పందం

వంటింట్లో రెండో చెత్తబుట్ట పెట్టుకున్న ప్రతి కుటుంబం పురపాలక సంఘంతో ఎక్కడా రాసుకోని ఒక ఒప్పందం చేసుకుంటుంది. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, వాడిన పూలు ఒక బుట్టలోను, కాగితాలు, సీసాలు, పాల ప్యాకెట్లు మరొక బుట్టలోను వేయడానికి ఆ ఇల్లాలు రోజూ కాస్త శ్రమ పడుతుంది. తాను విడిగా ఇచ్చింది చివరి దాకా విడిగానే వెళుతుందన్న నమ్మకమే ఆ శ్రమకు ఆధారం. తెల్లవారి వచ్చిన బండి ఆ రెండింటినీ ఒకే తొట్టిలో కుమ్మరించుకుని వెళ్లిపోతే, వారం తిరగకుండానే రెండో బుట్ట బియ్యం పోసుకోవడానికో బట్టలు నానబెట్టడానికో పనికొస్తుంది. స్థానిక ప్రభుత్వాలు చేపట్టే రీసైక్లింగ్ కార్యక్రమాల్లో కొన్ని ఏళ్ల తరబడి నిలిచి, మరికొన్ని బుట్టల పంపిణీతోనే ముగిసిపోవడానికి కారణాలు వెతికితే, ఈ ఒప్పందాన్ని ఎవరు ఎక్కడ తప్పారన్న ప్రశ్న దగ్గరికే చేరవలసి వస్తుంది.

రీసైక్లింగ్ అంటే వాడి పారేసిన వస్తువులోని పదార్థాన్ని వెలికితీసి మళ్లీ ముడిసరుకుగా మార్చడం. అట్టపెట్టె గుజ్జుగా మారి మళ్లీ అట్ట అవుతుంది, అల్యూమినియం డబ్బా కరిగి మళ్లీ లోహం అవుతుంది, నీళ్ల సీసాలకు వాడే పెట్ ప్లాస్టిక్ పలుకులుగా మారి దారంగానో కొత్త సీసాగానో తిరిగి వస్తుంది. తడి చెత్తను కంపోస్టు ఎరువుగా గాని, బయోగ్యాస్‌గా గాని మార్చడం కూడా విస్తృతార్థంలో ఈ కోవలోకే వస్తుంది. పాశ్చాత్య దేశాల నగరాల్లో ఈ చర్చ ఎక్కువగా పొడి చెత్త చుట్టూ తిరుగుతుంది గాని, భారతీయ పట్టణాల చెత్తలో దాదాపు సగం, కొన్నిచోట్ల అంతకు మించి, కుళ్లిపోయే పదార్థమే కాబట్టి, ఇక్కడ తడి చెత్తకు దారి చూపని కార్యక్రమం సగం పనిని వదిలేసినట్లే అవుతుంది.

చట్టం ఏం చెప్పింది

నగరాల చెత్తను ఊరి బయట గుట్టలుగా పోయడం మీద పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆ వ్యాజ్యం ఫలితంగా ఏర్పడిన నిపుణుల సంఘం సిఫారసులు, వాటి వెంట 2000 సంవత్సరంలో వచ్చిన పురపాలక ఘన వ్యర్థాల నియమాలు, ఇంటింటి సేకరణను, చెత్తను శుద్ధి చేయడాన్ని స్థానిక సంస్థల బాధ్యతగా నిర్దేశించాయి. వాటి స్థానంలో 2016 ఏప్రిల్‌లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు మరో అడుగు ముందుకు వేసి, చెత్త పుట్టిన చోటే, అంటే ఇంట్లోనే, దుకాణంలోనే, దాన్ని తడి, పొడి, హానికరమైన గృహ వ్యర్థాలు అని మూడుగా విడదీయాలని ఆదేశించాయి. రంగు డబ్బాలు, కాలం చెల్లిన మందులు, బ్యాటరీలు, ట్యూబులైట్ల వంటివి మూడో రకంలోకి వస్తాయి. రోజుకు సగటున 100 కిలోలకు మించి చెత్త వచ్చే హోటళ్లు, కల్యాణ మండపాలు, పెద్ద నివాస సముదాయాలను భారీ ఉత్పత్తిదారులుగా గుర్తించి, వాటికి ప్రత్యేక బాధ్యతలు అప్పగించడం, చెత్త ఏరుకుని బతికేవారిని ఈ వ్యవస్థలో భాగం చేయాలని స్పష్టంగా చెప్పడం ఆ నియమాల్లోని మరి రెండు ముఖ్యాంశాలు.

చట్టం దేశమంతటికీ ఒక్కటే అయినా పట్టణానికొక ఫలితం ఎందుకు వచ్చిందో తెలియాలంటే, చెత్త కలిసిపోతే ఏమవుతుందో ముందుగా చూడాలి.

కలిస్తే పోయే విలువ

సాంబారు ఒలికిన వార్తాపత్రికను పాత కాగితాల వ్యాపారి కొనడు. నూనె, తేమ పట్టిన కాగితం గుజ్జు మొత్తాన్నీ పాడుచేస్తుంది. అదేవిధంగా గాజుపెంకులు, బ్లేడు ముక్కలు, బ్యాటరీల నుంచి కారిన లోహాలు కలిసిన తడి చెత్తతో చేసిన ఎరువును రైతు పొలంలోకి రానివ్వడు. కలిసిన క్షణంలోనే రెండు వైపులా విలువ పడిపోతుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన జల్లెడ యంత్రాలతో విడదీసినా మొదటి విలువ తిరిగి రాదు. ఇలా ఒక రకం సరుకులో మరో రకం కలిసి దాన్ని పనికిరాకుండా చేయడాన్ని ఈ రంగంలో కల్తీ అనవచ్చు. కార్యక్రమం ఆరోగ్యాన్ని చెప్పే నాడి అదే.

కలిసిన చెత్త చివరికి చేరేది డంపింగ్ యార్డుకే. అక్కడ గాలి ఆడని గుట్టల అడుగున తడి పదార్థం కుళ్లి మీథేన్ వాయువును విడుదల చేస్తుంది. వేసవిలో గుట్టలు అంటుకుని రోజుల తరబడి పొగ కక్కడానికి కారణం చాలా వరకు ఆ వాయువే. వర్షపు నీరు ఆ గుట్టల గుండా దిగుతూ వాటిలోని రసాయనాలను కలుపుకుని లీచేట్ అనే నల్లటి ద్రవంగా మారి భూగర్భ జలాలకు చేరుతుంది. హైదరాబాద్ శివార్లలోని జవహర్‌నగర్ డంపింగ్ యార్డు పరిసరవాసులకు ఈ మాటను విడమరచి చెప్పవలసిన పనిలేదు.

కలిసిన చెత్తను తగలబెట్టి విద్యుత్తు తీస్తే సరిపోతుందన్న ఆలోచన పలు నగరాలను ఆకర్షించింది. జవహర్‌నగర్‌లోనూ 2020 నుంచి అటువంటి కేంద్రం పనిచేస్తోంది. అయితే తడిసిన చెత్త సరిగా మండదు కాబట్టి ఆ కేంద్రాలు కూడా విడదీసిన పొడి చెత్తనే కోరుకుంటాయి. రీసైక్లింగ్‌కు పనికిరాని మిగులును మాత్రమే వాటికి పంపితే అవి సహాయకారులవుతాయి; కొలిమి ఆగకూడదన్న ఆత్రంలో మంచి కాగితాన్ని, ప్లాస్టిక్‌ను కూడా అందులోకి తోస్తే అవి రీసైక్లింగ్‌కు పోటీదారులవుతాయి.

పుణె: విడదీసిన చేతికే ఆదాయం

విడదీసినది విడిగానే సాగేలా చూడటానికి పుణె నగరం ఎంచుకున్న మార్గం అక్కడి చెత్త ఏరుకునే మహిళల పోరాటంలోంచి వచ్చింది. 1993లో వారు కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్ పేరుతో సంఘంగా ఏర్పడ్డారు. మరాఠీలో ఆ పేరులోని మొదటి మూడు మాటలకు కాగితం, గాజు, రేకు అని అర్థం. కుప్పల మీద వంగి ఏరుకునే వారిని దొంగల్లా చూసే సమాజం నుంచి కార్మికులుగా గుర్తింపు పొందడం వారి తొలి లక్ష్యం. నగరపాలక సంస్థ ఆమోదంతో గుర్తింపు కార్డులు, తర్వాతి కాలంలో వైద్య బీమా సాధించుకున్న ఆ సంఘం చొరవతోనే 2007లో స్వచ్ఛ్ అనే సహకార సంస్థ ఏర్పడింది. 2008లో నగరపాలక సంస్థతో కుదిరిన ఒడంబడిక ప్రకారం ఇంటింటి సేకరణ బాధ్యత ఆ సహకార సంఘం చేతికి వచ్చింది.

ఈ పద్ధతిలోని కీలకం ఆదాయం ఎటునుంచి వస్తుందన్న అంశంలో ఉంది. తోపుడు బండితో ఇంటింటికీ వెళ్లే సభ్యురాలు ప్రతి ఇంటి నుంచి నెలవారీ రుసుమును నేరుగా అందుకుంటుంది, తడి చెత్తను నగరపాలక వాహనానికి అప్పగిస్తుంది, పొడి చెత్తలో అమ్ముడుపోయే వస్తువులను ఏరి అమ్ముకుని ఆ సొమ్మును తానే ఉంచుకుంటుంది. తడిసిన కాగితానికి ధర రాదు కాబట్టి, ఏ ఇంటివారు చెత్తను కలిపి ఇచ్చినా నష్టం మొదట తెలిసేది ఆమెకే. మరునాడు గుమ్మం దగ్గర నిలబడి ఆ ఇంటివారికి నచ్చజెప్పేదీ ఆమే. నిఘా పెట్టే ఉద్యోగి, అవగాహన కల్పించే కార్యకర్త, సరుకు నాణ్యత చూసే వ్యాపారి, ఈ ముగ్గురి పనీ ఒకే మనిషిలో కలిసి రావడం వల్ల, మూడు వేల మందికి పైగా సభ్యులున్న ఆ వ్యవస్థ పెద్ద పెట్టుబడి లేకుండానే నగరంలో నిలదొక్కుకుంది.

తెలుగు పట్టణాల్లోనూ పాత పేపర్లు, ఇనప సామాన్లు కొనేవారు, గోనెసంచి భుజాన వేసుకుని సీసాలు ఏరేవారు పురపాలక సంఘాలకన్నా ముందే రీసైక్లింగ్ చేస్తున్నవారు. కొత్త వాహనాలు, కొత్త గుత్తేదారులు వచ్చినప్పుడు వీరిని పక్కకు నెట్టిన చోట, అప్పటిదాకా పైసా ఖర్చు లేకుండా సాగుతున్న పని ఆగి, ఆ సరుకు కూడా డంపింగ్ యార్డుకు చేరే ప్రమాదం ఉంటుంది.

ఇందౌర్: అరలు ఉన్న బండి

మధ్యప్రదేశ్‌లోని ఇందౌర్ అదే గమ్యానికి దాదాపు ఎదురు దారిలో వెళ్లింది. పట్టణాల పరిశుభ్రతకు కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2017 నుంచి వరుసగా ఏడుసార్లు మొదటి స్థానం పొందిన ఆ నగరం, 2023లో దాన్ని సూరత్‌తో పంచుకుంది. అక్కడ పగ్గాలు పూర్తిగా నగరపాలక సంస్థ చేతిలోనే ఉన్నాయి. వీధి మూలల్లోని పెద్ద చెత్తకుండీలను తొలగించి, ఇంటింటి సేకరణ ఒక్కటే మార్గంగా చేయడం మొదటి మార్పు. కుండీ ఉన్నంతకాలం ఎవరు ఏం కలిపి వేశారో పట్టుకోవడం కుదరదు. ఇంటి ముందు చేతికి ఇచ్చే చెత్తకు మాత్రం యజమాని ఎవరో తెలుస్తుంది. సేకరణ బండిని అరలుగా విభజించి, తడి, పొడి అన్న రెండింటితో మొదలుపెట్టి, ప్లాస్టిక్, ఎలక్ట్రానిక్, సానిటరీ, హానికర వ్యర్థాలతో కలిపి ఆరు రకాల దాకా తీసుకువెళ్లారు. బండ్లకు జీపీఎస్ అమర్చి అవి ఏ వీధికి ఏ వేళకు వెళ్లాయో చూశారు, బండి వెంట స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలను పంపి కలిపి ఇచ్చిన ఇళ్లవారికి నేర్పించారు, ఆ తర్వాతే జరిమానాలకు దిగారు.

బండి చేరే చోటు సిద్ధంగా ఉండటం ఇందౌర్‌లోని మరో విశేషం. దేవ్‌గురాడియా యార్డులో ఏళ్ల తరబడి పేరుకున్న సుమారు 13 లక్షల టన్నుల పాత చెత్తను బయోమైనింగ్ చేసి ఆ స్థలాన్ని ఖాళీ చేశారు. పాత గుట్టలను తవ్వి, జల్లించి, మట్టిని, ప్లాస్టిక్‌ను, రాళ్లను వేరుచేసి ఎక్కడికక్కడ పంపడాన్నే బయోమైనింగ్ అంటారు. రోజుకు 550 టన్నుల తడి చెత్తను తీసుకునే బయో సీఎన్‌జీ కేంద్రం 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు 17 వేల కిలోల వాయువు, దానితోపాటు 100 టన్నుల కంపోస్టు దాని నుంచి వస్తాయి; ఆ వాయువుతో నగర బస్సులు నడుస్తాయి. ఇంత పెద్ద కేంద్రం నిలదొక్కుకోవడానికి కారణం అక్కడికి చేరే తడి చెత్తలో ప్లాస్టిక్ చాలా తక్కువగా ఉండటమే. కలిసిన చెత్తను నమ్ముకుని దేశంలో కట్టిన కంపోస్టు కేంద్రాలెన్నో అంతకుముందు మూతపడ్డాయి.

మహిళల సహకార సంఘం మీద ఆధారపడ్డ పుణె, అధికార యంత్రాంగం మీద ఆధారపడ్డ ఇందౌర్, రెండూ విడదీసిన సరుకు మళ్లీ కలిసే సందు ఎక్కడా లేకుండా చూసుకున్నాయి. ఆ సందును ఒకచోట ఆదాయం మూసింది, మరొకచోట పర్యవేక్షణ మూసింది.

చిన్న పట్టణాల దారి

ఇందౌర్ పెట్టుబడి అందరికీ సాధ్యం కాదన్న మాట నిజమే గాని, చిన్న పట్టణాలకు వేరే అనుకూలతలు ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్ 2015 నుంచి ఇంటింటి సేకరణను మహిళా స్వయం సహాయక బృందాలకు అప్పగించింది. వార్డులకు దగ్గరగా ఏర్పాటు చేసిన చిన్న కేంద్రాల్లో ఆ మహిళలు పొడి చెత్తను పదుల రకాలుగా వేరుచేస్తారు. ప్లాస్టిక్ అని ఒక కుప్పగా అమ్మితే వచ్చే ధరకన్నా, సీసా, మూత, సంచి, డబ్బా అని విడివిడిగా అమ్మితే వచ్చే ధర ఎక్కువ. ఊరి డంపింగ్ యార్డు స్థానంలో ఉద్యానవనం వెలిసింది.

కేరళలోని అలప్పుళలో మార్పు సంక్షోభం నుంచి పుట్టింది. పట్టణపు చెత్తను తమ ఊరిలో పోయడానికి వీల్లేదని 2012లో సర్వోదయపురం గ్రామస్థులు లారీలను అడ్డుకోవడంతో వీధుల్లో చెత్త పేరుకుపోయింది. తరలించే చోటే లేనప్పుడు తరలించనవసరం లేని పద్ధతి వెతకవలసి వచ్చింది: ఇళ్లలో పైపు కంపోస్టు, చిన్న బయోగ్యాస్ కుండీలు, ఇంట్లో చోటు లేనివారి కోసం వార్డుల్లో గాలి ఆడే కంపోస్టు తొట్లు. తడి చెత్త పుట్టిన చోటే కరిగిపోతే, మిగిలిన పొడి చెత్త కుళ్లదు కాబట్టి దాన్ని రోజూ ఎత్తవలసిన పని లేదు. వికేంద్రీకరణ అన్న పెద్ద మాట వెనుక ఉన్న లెక్క ఇదే. 2017లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ఈ పట్టణ కృషిని గుర్తించింది.

తెలుగునాట ఈ ఆలోచన కొత్తది కాదు. స్వచ్ఛ భారత్ అన్న మాట పుట్టడానికి పదేళ్ల ముందే సూర్యాపేట పురపాలక సంఘం వీధి కుండీలు లేకుండా ఇంటింటి సేకరణ, కంపోస్టు తయారీలతో ఇతర రాష్ట్రాల అధికారులను తనవైపు తిప్పుకుంది. 2012 అక్టోబరులో వరంగల్ నగరపాలక సంస్థ క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ నిర్వహించి, ఇతర పట్టణాల సిబ్బందిని పోటీదారులుగా రప్పించి, ఇంటింటికీ వెళ్లి రెండు రకాలుగా చెత్త సేకరించే పద్ధతిని నేర్పింది. ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలు వెలిశాయి. చొరవకు ఇక్కడ లోటు రాలేదు. దాన్ని నిలబెట్టుకోవడంలోనే కష్టమంతా ఉంది. ఉత్సాహం గల ఒక కమిషనర్ కాలంలో మొదలైన పని ఆయన బదిలీ తర్వాత కూడా సాగాలంటే, అది ఒప్పందాల్లోకి, బడ్జెట్‌లోకి, వార్డు స్థాయి దినచర్యలోకి చేరి ఉండాలి.

డబ్బు ఎటు లాగితే చెత్త అటు

స్థానిక సంస్థల ఒప్పంద పత్రాలు ఒక్కోసారి వాటి నినాదాలకు ఎదురు పనిచేస్తాయి. యార్డుకు చేర్చిన చెత్తకు టన్నుకు ఇంత అని గుత్తేదారుకు చెల్లించడం చాలా చోట్ల వాడుకలో ఉన్న పద్ధతి. తూకపు కాటా మీద బండి ఎంత బరువు తూగితే అంత రాబడి వచ్చేటప్పుడు, పొడి చెత్తను ఏరి పక్కన పెట్టడం, తడి చెత్తను వార్డులోనే ఎరువుగా మార్చడం గుత్తేదారుకు సొంత జేబు కత్తిరించుకోవడమే అవుతుంది. చెల్లింపును విడిగా చేర్చిన సరుకుకు ముడిపెట్టి, కలిసిన చెత్తకు కోత విధిస్తేనే ఆ లెక్క తిరగబడుతుంది.

ప్రజలు చెల్లించే రుసుము సంగతి మరింత సున్నితమైనది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం ప్రారంభమై ఇంటికి మూడు రంగుల బుట్టలు చేరాయి గాని, దానితోపాటు వసూలు చేసిన వినియోగ రుసుము చెత్త పన్నుగా పేరుపడి తీవ్ర వ్యతిరేకతను ఎదుర్కొంది. సరిగ్గా మూడేళ్లకు, 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ రుసుము రద్దును ప్రకటించారు. రాజకీయాలను పక్కన పెట్టి చూసినా ఇందులో ఒక పాఠం ఉంది. చెత్తను ఎంత జాగ్రత్తగా విడదీసిన ఇల్లయినా, అంతా కలిపి విసిరిన ఇల్లయినా ఒకే మొత్తం కట్టవలసి వచ్చినప్పుడు ఆ రుసుము ఖజానాకు ఆదాయమే గాని అలవాటుకు ప్రోత్సాహం కాదు.

దక్షిణ కొరియా ఈ విషయంలో వేరే పద్ధతి పాటించింది. 1995 జనవరి నుంచి ఆ దేశంలో మిగులు చెత్తను స్థానిక ప్రభుత్వం అమ్మే ప్రత్యేక సంచుల్లోనే వేయాలి. ఎన్ని సంచులు వాడితే అంత ఖర్చు. విడదీసిన కాగితం, సీసాలు, లోహాలను మాత్రం రుసుము లేకుండా తీసుకుంటారు. ఆహార వ్యర్థాలను నేరుగా భూమిలో పూడ్చడాన్ని 2005లో నిషేధించి, 2013 నుంచి వాటికి కూడా పరిమాణాన్ని బట్టి చెల్లించే పద్ధతిని దేశమంతటా తెచ్చారు. విడదీసిన కుటుంబానికి ఖర్చు తగ్గడం ఆ పద్ధతిలోని బలం. రుసుము తప్పించుకోవడానికి చీకట్లో చెత్త పారవేసేవారిని అదుపు చేయవలసి రావడం దాని భారం. ఆ అదుపు లేని ఊరిలో పరిమాణాన్ని బట్టి రుసుము విధిస్తే చెత్త తగ్గదు, కాలువలోకి మళ్లుతుంది.

కొనేవాడు ఉండాలి

ఎంత శుభ్రంగా విడదీసినా కొనేవాడు లేని సరుకు చివరికి చెత్తగానే మిగులుతుంది. అట్ట, పెట్ సీసాలు, ఇనుము, అల్యూమినియం ఎక్కడైనా అమ్ముడుపోతాయి. చిప్స్ ప్యాకెట్ల వంటి బహుళ పొరల ప్లాస్టిక్, అంటే పలుచని ప్లాస్టిక్‌ను, లోహపు పూతను కలిపి అతికించిన రేకు, విడదీయడానికి వీలుకానిది కాబట్టి సాధారణంగా సిమెంటు కొలిమిలో ఇంధనంగా మారడం తప్ప దానికి వేరే గతి ఉండదు. ఈ భారాన్ని పురపాలక సంఘం ఒక్కటే మోయకుండా, ఆ ప్యాకెట్లను మార్కెట్లోకి పంపిన కంపెనీల మీద కూడా మోపేందుకు, ఉత్పత్తిదారుల విస్తరించిన బాధ్యత అనే సూత్రాన్ని ప్లాస్టిక్ వ్యర్థాల నియమాల్లో చేర్చి, 2022 ఫిబ్రవరిలో దానికి వివరమైన మార్గదర్శకాలు తెచ్చారు. ఎరువు విషయంలోనూ అంతే. నగర కంపోస్టు అమ్మకాన్ని ప్రోత్సహించేందుకు కేంద్రం 2016లో టన్నుకు 1,500 రూపాయల సహాయం ప్రకటించినా, గాజుపెంకు తగిలిన రైతు రెండోసారి ఆ బస్తా కొనడు. మార్కెట్ ప్రశ్న కూడా తిరిగి తిరిగి గుమ్మం దగ్గరి బుట్టకే వస్తుంది.

దేన్ని కొలవాలి

వార్షిక నివేదికల్లో సాధారణంగా కనిపించేవి పంచిన బుట్టల సంఖ్య, కొన్న వాహనాల సంఖ్య, సేకరించిన టన్నులు. ఇవన్నీ చేసిన ఖర్చును చెబుతాయే గాని వచ్చిన ఫలితాన్ని చెప్పవు. ఫలితాన్ని చెప్పే కొలతలు మూడు. విడదీసి ఇస్తున్న ఇళ్లు నూటికి ఎన్నో చెప్పేది మొదటిది. పొడి చెత్త కేంద్రానికి చేరిన వంద కిలోల్లో అమ్ముడుపోకుండా మిగిలింది ఎంతో చెప్పేది రెండోది. మొదట్లో చెప్పిన కల్తీ ఇక్కడే బయటపడుతుంది. ఊరిలో పుట్టిన చెత్తలో యార్డుకు వెళ్లకుండా వేరే దారి పట్టిన భాగం, అంటే మళ్లింపు శాతం, మూడోది. వంద టన్నులు పుట్టే ఊరిలో ఎనభై టన్నులు ఇంకా యార్డుకే చేరుతుంటే, సేకరణ నూటికి నూరు శాతం జరుగుతున్నదన్న ప్రకటన వాస్తవమే అయినా, రీసైక్లింగ్ నూటికి ఇరవై దగ్గరే ఆగిందన్నది కూడా అంతే వాస్తవం.

ఈ మూడు అంకెలను వార్డులవారీగా నెలనెలా ప్రజల ముందు పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. యార్డు గేటు దగ్గర తూకపు కాటా, పొడి చెత్త కేంద్రంలో ఒక పుస్తకం ఉంటే చాలు. ఆ పుస్తకం తెరిచి ఉన్న ఊరిలో, రెండు బుట్టలు పెట్టుకున్న ఇల్లాలు తాను ఉదయం అప్పగించిన సీసా ఏ కుప్పలో చేరిందో, ఏ ధరకు అమ్ముడుపోయిందో అడగగలుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల పురపాలక సంఘమే మర్నాడు ఆమె గుమ్మం ముందు ఆగి, చెత్త కలిపి ఇవ్వవద్దని చెప్పగల అధికారం సంపాదించుకుంటుంది.